బత్తాయి చిగుళ్ల మీద వెండి గీతలు, చిన్న తెల్ల రెక్కల పురుగు

మహారాష్ట్రలోని సిరొంచ తమ్ముడూ, రెండేళ్ల బత్తాయి మొక్కల చిగురాకుల మీద మెలికల గీతలున్నాయని, చెట్టు కదిపితే దోమంత తెల్ల పురుగు ఎగిరిందని రాశావు. అది దోమ కాదు, లీఫ్ మైనర్ అనే ఆకు తొలుచు పురుగు తల్లి. మీ దగ్గర మందుల షాపులో మరాఠీలో నాగఅళి అని అడుగు.

ఒక్కసారి భూతద్దంతో చూడు. రెక్కలు విప్పినా 5 మిల్లీమీటర్లు దాటదు. ముందు రెక్కలు వెండిలా మెరుస్తాయి, ఒక్కో రెక్క చివర ఒక నల్ల చుక్క ఉంటుంది. ఆ చుక్కే గుర్తు. చుక్క దొరక్కపోతే ఆకును వెలుతురుకు పట్టి చూడు: గీత మధ్యలో సన్నటి నల్లని చార కనిపిస్తే అది లోపలి పిల్ల పురుగు రెట్ట. ఆకు అంచు మడిచి ఉంటే అందులో ప్యూపా, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ, ఉంటుంది. టమాటా ఆకుల మీద ఇలాంటి గీతలే గీసేది వేరే జాతి, అది చిన్న ఈగ.

ముదురు ఆకుల జోలికి ఇది రాదు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ వద్దు. లేత మొక్కలకే దెబ్బ, పైగా ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు ఎక్కుతుంది, నాకు అసలు భయం అదే.

కొత్త చిగురు వేలెడు పొడవు రాగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. యూరియా తగ్గించు, ఊరికే కొమ్మలు కత్తిరించకు. ఎడాపెడా చిగురు వస్తే దానికి మేత దొరికినట్టే. గీతలు పడ్డ ఆకులన్నీ దూసేయకు తమ్ముడూ, పచ్చదనం మిగిలినంత వరకు అవి మొక్కకు అన్నం పెడతాయి.