అలెన్ అట్లాస్ (మెదడులో ఏ భాగంలో ఏ జీన్ ఎంత పనిచేస్తుందో చూపే డేటా) జీన్లు టౌ పెట్ (పేరుకున్న టౌ ప్రొటీన్‌ను చూపే స్కాన్) మ్యాప్‌తో సరిపోలితే, అల్జీమర్స్‌లో ఆ భాగాలు దెబ్బతినడానికి అవే కారణమా?

అప్పుడే అనేయకండి. మీరు చేసింది: అబాజెన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ అట్లాస్ నుంచి ఎడమ కార్టెక్స్ (మెదడు పై పొర)లోని 34 రీజియన్లకు జీన్ ఎక్స్‌ప్రెషన్ తీసి, పేషెంట్ల సగటు టౌ పెట్‌తో పియర్సన్ కోరిలేషన్ వేశారు. 15,600 జీన్లలో 900కి పి విలువ 0.05 కంటే తక్కువ వచ్చింది. ఏ సంబంధమూ లేకపోయినా, 5 శాతం లెక్కన 780 ఎలాగూ వస్తాయి కదా!

పైగా పక్కపక్క రీజియన్ల విలువలు ఒకలాగే ఉంటాయి, కాబట్టి మీ 34 పాయింట్లు నిజానికి 34 కావు. స్పిన్ టెస్ట్ చేయండి, అంటే పొరుగు పోలికలు చెడకుండా మ్యాప్‌ను యాదృచ్ఛికంగా తిప్పి, ఆ నకిలీ (నల్) మ్యాప్‌లతో పోల్చండి. 1,000 స్పిన్‌లతో సరిపెట్టొద్దు: పి విలువ 0.001 దగ్గరే ఆగిపోతుంది, ఇన్ని జీన్లకు ఎఫ్‌డీఆర్ సవరణ (ఎక్కువ పరీక్షల్లో తప్పుడు ఫలితాలను అదుపు చేసే లెక్క) వేస్తే ఏదీ మిగలకపోవచ్చు. కనీసం 10,000 పెట్టండి. పాత్‌వే ఎన్‌రిచ్‌మెంట్‌కీ (తేలిన జీన్లు ఏ పనికి చెందినవో చూసే పరీక్ష) ఇవే నల్ మ్యాప్‌లు వాడండి. మామూలు టూల్‌కి ఏ నున్నటి మ్యాప్ ఇచ్చినా "సినాప్స్" అని ఏదో ఒకటి పైకి తేలుతుంది.

అలెన్ డేటా ఆరుగురు దాతలది, వయసు 24 నుంచి 57, ఒక్కరికీ అల్జీమర్స్ లేదు. కుడివైపు శాంపిల్స్ ఇద్దరివే, అందుకని ఎడమవైపు తీసుకోవడం సరైనదే. ఒక్కో దాతను తీసేసి మళ్లీ లెక్కేయండి. అసలు చిక్కు ఎంటోరైనల్ కార్టెక్స్‌తో (జ్ఞాపకాలకు సంబంధించిన భాగం). చిన్న రీజియన్, శాంపిల్స్ తక్కువ. అబాజెన్‌లో రిటర్న్ కౌంట్స్ ఆన్ చేసి ఏ దాత నుంచి ఎన్ని వచ్చాయో చూడండి. ఖాళీలు నింపే ఆప్షన్ పెట్టి ఉంటే, మీరు ఎంటోరైనల్ అనుకుంటున్నది పక్క రీజియన్ శాంపిలే కావచ్చు. హిప్పోక్యాంపస్‌ను కలపాలనుకుంటే, ఫ్లోర్‌టాసిపిర్ (టౌ పెట్‌లో వాడే ట్రేసర్) సిగ్నల్ పక్కనున్న కోరాయిడ్ ప్లెక్సస్ (మెదడు ద్రవాన్ని తయారుచేసే కణజాలం) నుంచి అందులోకి ఒలుకుతుందని గుర్తుంచుకోండి. అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో పేరుకునే మరో ప్రొటీన్) మ్యాప్‌తో చేసిన పేపర్లతో పోల్చొద్దు: అమిలాయిడ్ నియోకార్టెక్స్‌లో మొదలవుతుంది, కార్టెక్స్‌లో టౌ ఎంటోరైనల్‌ను ఆనుకున్న ట్రాన్స్‌ఎంటోరైనల్‌లో మొదలవుతుంది.

తర్వాత పేషెంట్ల బల్క్ ఆర్‌ఎన్‌ఏ (కణాలన్నీ కలిపి కొలిచిన జీన్ ఎక్స్‌ప్రెషన్) చూస్తానన్నారు. అక్కడ ఇంకో తిరకాసు. ఎంటోరైనల్ రెండో పొరలో, జబ్బు చాలా తేలిగ్గా ఉన్నప్పుడే సుమారు 60 శాతం న్యూరాన్లు పోయి ఉంటాయని 1996లోనే లెక్కపెట్టారు. కాబట్టి న్యూరాన్ జీన్ "తగ్గింది" అంటే చాలాసార్లు న్యూరాన్లే తగ్గాయని అర్థం. ఒక్కో కణ కేంద్రకాన్ని విడిగా కొలిచే సింగిల్ న్యూక్లియస్ డేటాకు వెళ్లండి. 2021లో వచ్చిన అధ్యయనం బ్రాక్ (టౌ ఎంత వ్యాపించిందో చెప్పే 0 నుంచి 6 వరకు మెట్లు) 0, 2, 6 దశల్లోని పదిమంది మగవాళ్ల ఎంటోరైనల్ చూసి, ఆర్‌ఓఆర్‌బీ అనే జీన్ పనిచేసే ఎక్సైటేటరీ (ఇతర న్యూరాన్లను ఉత్తేజపరిచే) న్యూరాన్లే ఎక్కువగా పోతున్నాయని చూపించింది. ఏపీఓఈ జీన్‌లో అందరిదీ ఈ3/ఈ3 రకమే, కాబట్టి అల్జీమర్స్ ముప్పు పెంచే ఈ4 రకం గురించి అది ఏమీ చెప్పదు.

న్యూక్లియస్‌లను విడివిడి శాంపిల్స్‌గా లెక్కపెట్టొద్దు, దాతవారీగా కలిపి సూడోబల్క్ చేయండి. న్యూరాన్లు పోతే గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు) శాతం దానంతటదే పెరుగుతుంది, దాన్ని గ్లియోసిస్ (గ్లియా నిజంగా పెరగడం) అనేయకండి. బ్రాక్ 6లో మీకు దొరికేది చావు తప్పించుకున్న కణాల ఎక్స్‌ప్రెషన్, అందుకే 0 నుంచి 2కి వచ్చే మార్పునే ముందు చూడండి. మోడల్‌లో పోస్ట్‌మార్టం గంటలు, వయసు తప్పనిసరి.