బొమ్మని సీట్లోంచి చూడు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

హాల్లో ప్రొజెక్టర్ పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. సర్వర్‌లో ప్లేలిస్ట్ పెట్టి బటన్ నొక్కడమే కదా, ఇందులో నేర్చుకునేదేముంది అన్నావట. నొక్కు. నొక్కాక మాత్రం కేబిన్‌లో కూర్చోకు, కిందికి దిగు. రీళ్ల కాలంలో మాకు తెర వైపు చూడక తప్పేది కాదు. 2000 అడుగుల రీలు 20 నిమిషాల చిల్లర ఆడేది. అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలన చుక్క పడేది. మొదటి చుక్కకి రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. ఇప్పుడు చుక్కలూ లేవు, చూసేవాడూ లేడు.

తలుపులు తీయకముందే ఓ సీన్ వేసుకుని మధ్య సీట్లో కాసేపు, ముందు వరస మూలన కాసేపు, చివరి వరసలో కాసేపు కూర్చో. ముందు వెలుగు సంగతి. మామూలు సినిమాకి తెర మధ్యలో తెలుపు 14 ఫుట్ లాంబర్ట్‌లు ఉండాలి, తెర వెలుగుని కొలిచే లెక్క అది. ప్రొజెక్టర్‌లో వెలిగే జీనాన్ బల్బు రోజూ రవ్వంత తగ్గుతూ వస్తుంది కాబట్టి నీ కంటికి తెలీదు, మీటర్‌కే తెలుస్తుంది. బల్బు బాగానే ఉండి బొమ్మ మసగ్గా ఉంటే కేబిన్ కిటికీ అద్దం మీద టార్చి ఏటవాలుగా వేసి చూడు. దుమ్ము, జిడ్డు, ఎవరిదో వేలిముద్ర, అన్నీ బయటపడతాయి. త్రీడీ ఫిల్టర్ లెన్స్ ముందే మర్చిపోయి మామూలు సినిమా వేశావనుకో, సగానికి పైగా వెలుగు అక్కడే పోతుంది. బల్బు ఆదా అని కరెంటు మరీ తగ్గించమనే యజమానులుంటారు. కంపెనీ చెప్పిన కనీసం కంటే దించితే వెలుగు అదురుతుందని మర్యాదగా చెప్పు. అన్నట్టు, జీనాన్ బల్బులో చల్లగా ఉన్నప్పుడూ ప్రెషర్ ఉంటుంది. ముఖానికి షీల్డు, చేతులకి గ్లౌజులు లేకుండా దాని జోలికి వెళ్లకు.

ఫోకస్ ప్రొజెక్టర్ వేడెక్కాక చూసుకో, చల్లటి లెన్స్‌తో పెట్టింది తర్వాత చెదిరిపోతుంది. అక్షరాల అంచులు నాలుగు మూలలా పదునుగా ఉన్నాయా లేదా, అదే పరీక్ష. బాగా వెడల్పుగా ఉండే స్కోప్ బొమ్మ ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పు, ఫ్లాట్ బొమ్మ 1.85 రెట్లు. రెండింటికీ మాస్కింగ్ గుడ్డ, అంటే తెర అంచుల్ని కప్పే నల్లగుడ్డ, జరపాలి. ఈమధ్య చాలా హాళ్లలో దాన్ని వదిలేశారు, నాకది ఒళ్లు మంట. ప్రొజెక్టర్ వేసే నలుపు అసలు నలుపు కాదు, బూడిద రంగు. పక్కన నల్లగుడ్డ ఉంటేనే బొమ్మకి అంచు తెగుతుంది.

సౌండ్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్‌లో ఫేడర్, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీట, 7 మీద పెట్టి విని సినిమా తయారుచేస్తారు. ట్రైలర్లు హోరెత్తుతున్నాయని ఎవరో గొడవ చేస్తే 4కి దించుతావు. సినిమా మొదలయ్యాక అది 4లోనే ఉండిపోతుంది, గుసగుసగా చెప్పిన మాట ఒక్కటీ వినపడదు. ట్రైలర్లకి వేరే లెవెల్ ప్లేలిస్ట్‌లోనే పెట్టెయ్. ఖాళీ హాల్లో గింగురుమన్న శబ్దాన్ని నిండు హాల్లో జనం పీల్చేస్తారు. అందుకే ఆట మొదలైన పది నిమిషాలకి మళ్లీ లోపలికెళ్లి విను. చివర్లో పేర్లు పడుతుండగా లైట్లన్నీ ఒక్కసారి వెయ్యకు, చూసేవాళ్లు ఇంకా ఉంటారు.

ఇక మీ అమ్మ కొత్త టీవీ. సినిమాలన్నీ సీరియల్‌లా ఉన్నాయంటోంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యమధ్యలో సొంత ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది, ఆ నునుపు దానివల్లే. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, మోషన్ అన్న మాట కనిపించిన చోటల్లా ఆపేసి చూడు. సినిమా తీసినవాళ్లు అనుకున్నట్టే బొమ్మ చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి 2019లో ప్రకటించారు, ఉంటే అది పెట్టు, లేకపోతే సినిమా మోడ్. షోరూమ్ కోసం పెట్టిన వివిడ్ మోడ్ ఇంట్లో వద్దు. మొదట రంగులు పసుపుపచ్చగా ఉన్నాయని అమ్మ గొణుగుతుంది, రెండు మూడు సినిమాలకి కన్ను అలవాటు పడుతుంది. నల్ల పట్టీలు నచ్చక జూమ్ చేస్తే మాత్రం ఒప్పుకోకు, పక్కనున్న మనుషులు తెగిపోతారు. గదిలో లైటు టీవీ అద్దంలో కనపడకూడదు, కావాలంటే టీవీ వెనక చిన్న తెల్ల లైటు పెట్టు. సౌండ్‌బార్ తగిలించాక మాట పెదాల కంటే వెనకబడితే, ఎవరైనా తలుపు దబ్బున వేసే సీన్ పెట్టుకుని ఆడియో డిలే సరిచెయ్. అదీ అమ్మ కూర్చునే కుర్చీలోంచే.

ఉంటాను.
మీ మామయ్య