ఊరి భద్రతలో పిల్లల్ని ఎలా కలుపుకోవాలి?

ఊళ్లో చిల్లర దొంగతనాలు, గంజాయి గొడవ పెరిగాయి, పిల్లల్ని కూడా భద్రత పనుల్లో కలుపుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా కలుపుకోవచ్చు, కాకపోతే కాపలాకి మాత్రం పెట్టకండి, ఎవర్నీ వెంబడించమనకండి, అది పోలీసుల పని.

పిల్లలకి ఊరు మనకంటే బాగా తెలుసు. మా కోనసీమ ఊళ్లో ఎనిమిదో తరగతి వాళ్లతో డ్రాయింగ్ షీటు మీద కాలవ గట్టు, రేవు, కొబ్బరితోట దారి అన్నీ గీయించి, ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఎక్కడ భయమేస్తుందో అక్కడ ఎర్ర చుక్క పెట్టమన్నాం. ఆడపిల్లల చుక్కలన్నీ లాకుల దగ్గర ఒకే మలుపులో పడ్డాయి. స్తంభానికి లైటు పోయి ఎన్నాళ్లయిందో పెద్దవాళ్లం ఒక్కరం గమనించలేదు, నాకైతే సిగ్గేసింది. ఆ షీటు పంచాయతీకి పట్టుకెళ్లి పిల్లల చేతే చెప్పించాం, లైటు వచ్చింది.

చిన్నవాళ్లకి పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112 నోటికొచ్చేలా నేర్పండి. టీనేజర్లకి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కూడా, ఎందుకంటే ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిన గంటలోపు ఫోన్ చేస్తే ఆపగలిగే అవకాశం ఎక్కువ, ఇంట్లో తాతయ్యకి ఆ ఫోన్ చేసిపెట్టేది వాళ్లే. హైస్కూలు పిల్లలకి పోలీసుల సాయంతో చట్టం, క్రమశిక్షణ నేర్పే స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం కేరళలో 2010లో మొదలైంది, అది 2018 నుంచి దేశమంతా ఉంది, మీ హైస్కూల్లో నడుస్తోందేమో హెడ్మాస్టరుగారిని అడగండి.

ఏదైనా చూశామని పిల్లలు చెబితే వాళ్ల పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు. ఒక్కసారి పేరు బయటికొస్తే ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పదు.