నగర తోటలకు ప్రభుత్వ గ్రాంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వీధి చివర ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ స్థలంలో సామూహిక కూరగాయల తోట వేద్దామని గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం. స్థలంపై హక్కు రుజువు కాలేదని తిప్పి పంపారు. అక్కడి అధికారి వాడుకోమని నోటిమాటగా చెప్పారు కదా, ఇంకేం కావాలి?

జవాబు: నోటిమాటను గ్రాంటు కమిటీ లెక్కలోకి తీసుకోదు. ఆ అధికారి బదిలీ అయితే తోట గతేమిటన్నది వాళ్ల మొదటి అనుమానం. అది న్యాయమైన అనుమానమే. స్థలం ఏ శాఖ అధీనంలో ఉందో కనుక్కుని, దానితో లీజు గానీ వినియోగ ఒప్పందం గానీ రాతపూర్వకంగా చేసుకోండి. గ్రాంటు గడువు రెండేళ్లే అయినా ఒప్పందం కనీసం ఐదేళ్లు ఉండేలా అడగండి. రెండేళ్లలో పీకేయాల్సిన షెడ్డుకూ పైపులకూ ఎవరూ డబ్బివ్వరు.

ఒప్పందంలో హద్దులతో నక్షా ఉండాలి. నీటి కనెక్షన్ ఎవరి పేరున ఉంటుందో రాయించండి. స్థలం వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో కూడా పెట్టించండి. చేతికొచ్చిన పంట పోకుండా 90 రోజులు అడగడం మంచిది. చాలామంది వదిలేసేది ఇంకోటుంది: ఖాళీ చేసేటప్పుడు కంచె, షెడ్డు, ట్యాంకు ఎవరికి చెందుతాయి? ప్రభుత్వ డబ్బుతో కొన్న ఆస్తి ఎవరిదో కాగితం మీద లేకపోతే ఆడిట్‌లో పేచీ అక్కడే మొదలవుతుంది.

మీ బృందం రిజిస్టర్ కాకపోతే, రిజిస్టరైన మరో సంస్థ తన ఖాతా ద్వారా గ్రాంటు తీసుకోవడానికి చాలా పథకాలు ఒప్పుకుంటాయి. అందుకు ఆ సంస్థ పట్టుకునే శాతాన్ని ముందే ఖరారు చేసుకుని బడ్జెట్‌లో విడి పద్దుగా చూపండి.

ప్రశ్న: పది ఎత్తు మళ్లు (నేల మీద చట్రం కట్టి మట్టి నింపే మళ్లు) కట్టాలని మా ఆలోచన. బడ్జెట్‌లో మట్టి, ఎరువు కలిపి ఒకే మొత్తం రాశాం. "వివరణ చాలదు" అన్నారు. ఎంత వివరంగా రాయాలి?

జవాబు: పరిశీలకుడు కాలిక్యులేటర్ తీసుకుని సరిచూడగలిగేంత వివరంగా. మడి వెడల్పు 1.2 మీటర్లు అనుకోండి. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందే వెడల్పు అది. పొడవు 2.4, ఎత్తు 0.3 మీటర్లయితే ఒక్కో మడికి 0.86 ఘనపు మీటర్లు, పదింటికి 8.6. నీళ్లు పడ్డాక మట్టి కుంగుతుంది గనక 10 ఘనపు మీటర్లకు కొటేషన్ తీసుకోండి: పైమట్టి 6, బాగా మాగిన కంపోస్టు 3, ముతక ఇసుక 1. రవాణా, దింపుడు కూలి విడిగా రాయండి. మట్టి లారీ లోపలికి రాలేని సందైతే ఆ కూలి మట్టి ఖరీదును మించిపోవచ్చు. మడి మొత్తం కంపోస్టుతోనే నింపితే తేలికని కొందరు అలా రాస్తారు. వద్దు. ఏడాది తిరిగేసరికి బాగా కుంగిపోతుంది, లవణాలు, భాస్వరం మితిమీరుతాయి.

రెండో ఏడాది పైన 2.5 సెంటీమీటర్ల కంపోస్టు పరచడానికి 0.7 ఘనపు మీటర్లు పడుతుంది. ఈ చిన్న పద్దు కచ్చితంగా పెట్టండి. తోట తర్వాత కూడా బతుకుతుందని మీరు ఆలోచించారనడానికి అదే సాక్ష్యం.

వీటన్నిటికంటే ముందు మట్టి పరీక్ష పద్దు ఉండాలి. నగరంలో ఖాళీ స్థలమంటే అక్కడ ఒకప్పుడు ఏదో ఉండి ఉంటుంది: కూల్చిన ఇల్లు, మెకానిక్ షెడ్డు, చెత్త కుప్ప. పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి కలిపి ఒక నమూనా చేయండి. పాత గోడల పక్కన, రోడ్డు అంచున ఉన్న మట్టిని ఇందులో కలపకుండా వేరే నమూనాలుగా పంపండి. పాత పెయింటు, పాతకాలపు పెట్రోలు వదిలిన సీసం అక్కడే పోగుపడుతుంది, అన్నీ కలిపేస్తే సగటులో దాగిపోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ నివాస స్థలాల మట్టిలో సీసానికి తొలి వడపోత పరిమితిని (అది దాటితే ఇంకా లోతుగా పరిశీలించాలి) 2024 జనవరిలో 400 నుంచి 200 పీపీఎంకు (పది లక్షల్లో 200 వంతులకు) తగ్గించింది. మీ దగ్గర వర్తించే పరిమితిని పరీక్ష నివేదిక పక్కనే రాయండి. అంకె ఎక్కువ వస్తే దాచకండి. నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చి మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ) పరచి, ఎత్తు మళ్లలో బయటి మట్టి పోసి, దారుల్లో చెక్కపొట్టు వేస్తామని రాస్తే అదే మీ గ్రాంటుకు బలమైన కారణమవుతుంది. మళ్ల అంచులకు పాత రైల్వే స్లీపర్లు మాత్రం వాడొద్దు, చెక్క పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ అనే విషపు నూనె మట్టిలోకి దిగుతుంది.

ప్రశ్న: నీటికి డ్రిప్పు వేస్తామని ఒక్క వాక్యం రాశాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పది మళ్ల విస్తీర్ణం 28.8 చదరపు మీటర్లు. వారానికి 25 మిల్లీమీటర్ల నీరంటే 720 లీటర్లు, మండుటెండల్లో 40 అనుకుంటే 1,150. ఆ నీరు ఎక్కడిదో, బిల్లు ఎవరు కడతారో రాయాలి. వాన నీరంటారా? వంద చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే నష్టాలు పోను సుమారు 800 లీటర్లు పట్టొచ్చు. అయితే వాన లేని నెలల్లోనే మీకు నీళ్లు కావాలి గనక కుళాయి కనెక్షన్ తప్పదు.

సాధారణంగా జరిగే పొరపాటు: ట్యాంకును మీటరు ఎత్తు దిమ్మె మీద పెట్టి ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (పీడనం మారినా ఒకే మోతాదులో నీరు వదిలేవి) కొనడం. మీటరు ఎత్తుకు వచ్చే పీడనం 0.1 బార్ (బార్ అంటే పీడనం కొలిచే ప్రమాణం) మాత్రమే. ఆ డ్రిప్పర్లకు మామూలుగా 0.5 బార్ పైనే కావాలి. మొదటి మడి తడుస్తుంది, చివరిది ఎండుతుంది. చిన్న పంపైనా పెట్టాలి, లేదంటే తక్కువ పీడనానికి తయారైన డ్రిప్పర్లయినా కొనాలి. డ్రిప్పర్లు పూడుకుపోకుండా 120 మెష్ (సన్న జాలీ) ఫిల్టర్ రెండు సందర్భాల్లోనూ అవసరమే.

ప్రశ్న: గ్రాంటుకు తోడు ఖర్చులో మా వాటా కూడా చూపమంటున్నారు. మా దగ్గర డబ్బు లేదు.

జవాబు: శ్రమ ఉంది కదా. వాటా ఎంతన్నది పథకాన్ని బట్టి మారుతుంది. 1996లో మొదలైన అమెరికా కమ్యూనిటీ ఫుడ్ ప్రాజెక్ట్స్ గ్రాంటుకైతే ఇచ్చిన డబ్బుకు సమానమైన వాటా చూపాలి. చాలాచోట్ల వాలంటీర్ల గంటలు, ఉచితంగా ఇచ్చిన పనిముట్లు కూడా వాటాగా చెల్లుతాయి. గంటకు ఏ రేటున లెక్క కడుతున్నారో, ఆ రేటు ఎక్కడిదో రాయండి. పేరు, తేదీ, చేసిన పని, గంటలు, సంతకం ఉన్న హాజరు పట్టిక ఆ రోజే నింపాలి. ఏడాది చివర ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపిన పట్టికను ఆడిటర్ ఒక్క చూపులో పట్టేస్తారు. మరో ప్రభుత్వ గ్రాంటు డబ్బును వాటాగా చూపాలనుకుంటే ముందు నిబంధనలు చదవండి, చాలాచోట్ల కుదరదు.

ప్రశ్న: మంజూరైందని ఉత్తరం వచ్చింది. వెంటనే సామాను కొనెయ్యొచ్చా?

జవాబు: ఆగండి. మంజూరు ఉత్తరం వేరు, సంతకాలైన ఒప్పందం వేరు. ఒప్పందం అమల్లోకి వచ్చే తేదీకి ఒక్క రోజు ముందున్న బిల్లయినా సాధారణంగా చెల్లదు. పైగా చాలా గ్రాంట్లలో ముందు మీరు ఖర్చు పెట్టాలి, రసీదులు పంపాక డబ్బు వెనక్కి వస్తుంది. దానికి నెలలు పట్టొచ్చు. అందుకే పనిని విడతలుగా విడగొట్టండి: మొదట కంచె, నీరు, ఆ క్లెయిము సొమ్ము చేతికొచ్చాక మళ్లు, చివర షెడ్డు. కొంత అడ్వాన్సు ఇచ్చే వీలుందేమో ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఒక పద్దు డబ్బు మరో పద్దుకు మార్చాలంటే ఖర్చుకు ముందే అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: నివేదికలో ఫలితాలు ఎలా చూపాలి?

జవాబు: పని మొదలవకముందే ఒకే చోట నిలబడి ఫొటో తీయండి, ప్రతి మూడు నెలలకూ అదే చోటు నుంచి మళ్లీ తీయండి. షెడ్డులో ఒక తూకం, దారంతో కట్టిన పెన్నుతో ఒక నోటుపుస్తకం ఉంచండి. తేదీ, మడి నంబరు, పంట, బరువు, ఎవరికి వెళ్లింది: ఈ ఐదు గడులు చాలు. యాప్‌లో నింపమంటే రెండో వారానికే మానేస్తారు.