ఉత్తరకుమారుడు ఎవరి కొడుకు?

సందేహం: వార్తల్లో ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ అని చూసి మా అమ్మాయి అడిగింది: “ఉత్తర అభిమన్యుడి భార్య కదా, ఆమె కొడుకు పరీక్షిత్తు. ఆయన ప్రగల్భాలు ఎప్పుడు పలికాడు?” జవాబు తోచలేదు.
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీ అమ్మాయి గట్టి ప్రశ్నే వేసింది. చిక్కంతా ఒక్క దీర్ఘంలో ఉంది. సీత, గంగ, ఉత్తర వంటి సంస్కృత స్త్రీలింగ పదాలు తెలుగులో విడిగా ఉన్నప్పుడు హ్రస్వంతో ముగుస్తాయి. సంస్కృత సమాసంలో చేరితే దీర్ఘం తిరిగి వస్తుంది: సీతాపతి, గంగాతీరం. ఆ లెక్కన పరీక్షిత్తు ‘ఉత్తరాకుమారుడు’. జాతీయంలో ఉన్నది ఉత్తరుడనే కుమారుడు. బడిలో చెప్పే సంభావనా పూర్వపద కర్మధారయం. ఇతడు విరాటరాజు కొడుకు, ఉత్తరకు తోబుట్టువు. పత్రికలు మధ్యలో ఖాళీ వదలకుండా ‘ఉత్తరకుమార’ అని కలిపి అచ్చువేస్తే సగం అనుమానం తీరుతుంది. ఇక ‘ఉత్తర గోగ్రహణం’లో ఉత్తర అంటే దిక్కు. ఆ గొడవ వేరు!

ఈ పాత్ర తెలుగువాళ్ల నోళ్లలో ఇంతగా నానడానికి మీ జిల్లా కవి కారణం. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టిందే విరాటపర్వంతో. వానలు పడాలని ఊళ్లలో చదివించేదీ ఆ పర్వమే. కౌరవులు ఆవులను తోలుకుపోతున్నారని కబురు వచ్చినప్పుడు ఉత్తరుడు ఉన్నది అంతఃపురంలో, ఆడవాళ్ల మధ్య. తగిన సారథి లేడు గానీ, ఉంటేనా, తన పోరు చూసి అర్జునుడే వచ్చాడని కౌరవులు బెదిరిపోతారట! ఆ అర్జునుడు బృహన్నలగా అదే ఇంట్లో ఆట నేర్పుతున్నాడు. వినే మనకు తెలుసు, పలికేవాడికి తెలియదు. కథకుడి నేర్పంతా అక్కడే. చివరికి ఆ బృహన్నలే సారథి. దూరాన సేన కనబడగానే వీరుడు రథం దూకి పరుగు, జడ ఊగుతుండగా సారథి వెనకాల పరుగు. ఈ దృశ్యం ఒకసారి విన్నవారికి ‘ప్రగల్భాలు’ అన్న మాటకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు.

అయితే జాతీయం ఉత్తరుణ్ని ఆ పరుగు దగ్గరే ఆపేసింది. ఆ పూటే అతడు తిరిగి రథమెక్కి, అర్జునుడికి సారథిగా పగ్గాలు పట్టాడు. కురుక్షేత్రంలో మొదటి రోజే ఏనుగునెక్కి శల్యుడి రథాశ్వాలను చంపి, ఆ శల్యుడి చేతిలోనే నేలకూలాడు. ఇది కూడా మీ అమ్మాయికి చెప్పండి. ఆ శల్యుడి పేరు మీదా మనకో జాతీయం ఉంది, శల్యసారథ్యం. వచ్చే ప్రశ్న దాని మీదే కావచ్చు.