స్ట్రైకర్‌గా ఆడినవాడు మంచి కోచ్ కాలేడా? సి.కె. జాంఫి గురించి చెబుతాను

మీ తమ్ముడు జిల్లా స్థాయిలో స్ట్రైకర్‌గా ఆడాడనీ, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో కోచింగ్ వైపు వెళ్లాలనుకుంటున్నాడనీ రాశారు. ‘గోల్స్ కొట్టేవాళ్లకు ఆట నేర్పడం చేతకాదు’ అంటూ చుట్టుపక్కలవారంతా అతన్ని నిరుత్సాహపరుస్తున్నారనీ, ఆ మాట నిజమేనా అనీ అడిగారు. నిజం కాదు. అంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఆఫ్రికా ఖండపు కప్పును మూడుసార్లు గెలిచిన ఒక స్ట్రైకర్ కథ నేను ఏళ్ల తరబడి విన్నాను.

నాది సికింద్రాబాద్. కాలేజీ జట్టులో నేనూ ఫార్వర్డ్‌నే. 2009 నుంచి 2016 వరకు ఘనాలోని టేమా రేవు పట్టణంలో ఒక కర్మాగారంలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. అక్కడి స్టోర్‌కీపర్ అరవై ఏళ్ల పెద్దమనిషి. కుమాసీలో పుట్టి పెరిగినవాడు. అందరూ ఆయనను ‘వోఫా’ అని పిలిచేవారు. వాళ్ల భాషలో వోఫా అంటే మేనమామ. కాబట్టి నాకూ మామే అయ్యాడు. ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, మామ తిండి కూడా మరిచిపోయేవాడు. మధ్యాహ్నం కెంకే ముద్ద, వేయించిన చేప, నల్లటి షిటో కారం ముందు పెట్టుకుని కూర్చుని, సగం తినకముందే లేచి కథ మొదలుపెట్టేవాడు. ఆ కథల్లో ఎక్కువ భాగం ఒకే మనిషివి. ఆయనే చార్లెస్ కుమీ జాంఫి. ఇంగ్లిష్ అక్షరాలు చూసి మనం ‘గ్యాంఫీ’ అని చదువుతాం. వాళ్లు పలికేది మాత్రం జాంఫి అనే.

జాంఫి 1929లో పుట్టారు. అప్పటికి అది బ్రిటిష్ వారి గోల్డ్ కోస్ట్. కుమాసీలోని అసాంటే కొటోకోకు, తర్వాత అక్రాలోని హార్ట్స్ ఆఫ్ ఓక్‌కు ఆడారు. ఈ రెండూ బద్ధ శత్రువుల్లాంటి క్లబ్బులు. రెండు చొక్కాలూ తొడిగి రెండు ఊళ్లలోనూ గౌరవం నిలబెట్టుకోవడం మాటలు కాదు. 1951లో గోల్డ్ కోస్ట్ జట్టు బ్రిటన్, ఐర్లాండ్ పర్యటనకు వెళ్లినప్పుడు మనవాళ్ల లాగే వట్టి కాళ్లతో ఆడింది. జాంఫి ఆ జట్టులో ఉన్నారు. ‘మనవాళ్ల లాగే’ అని ఊరికే అనలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడిన మ్యాచ్‌లో భారత ఆటగాళ్లలో చాలామందికి బూట్లు లేవు. ఈ సంగతి చెప్పగానే మామ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మీ తమ్ముడికి నేను చెప్పదలచిన అసలు విషయం 1960 నాటిది. జాంఫికి అప్పటికి ముప్పై ఏళ్లు. స్వదేశంలో పేరు, హోదా అన్నీ ఉన్నాయి. అన్నీ వదిలి జర్మనీలోని ఫోర్టూనా డ్యూసెల్‌డోర్ఫ్‌కు ఆడటానికి వెళ్లారు. జర్మన్ క్లబ్ ఫుట్‌బాల్‌లో ఆడిన తొలి ఆఫ్రికన్‌గా ఆయన పేరే చెబుతారు. ఆడింది ఒక్క సీజనే. కానీ ఆటతో పాటు శిక్షణ విద్య కూడా నేర్చుకుని ఇంటికి తిరిగి వచ్చారు. కాళ్లలో ఇంకా ఆట మిగిలి ఉండగానే నేర్పడం నేర్చుకోవడానికి కూర్చున్నారన్న మాట. స్ట్రైకర్లు కోచ్‌లుగా తడబడటానికి కారణం వాళ్లు స్ట్రైకర్లు కావడం కాదని నా నమ్మకం. గోలు ముందు తాము ఏం చేసేవారో వాళ్ల ఒంటికి తెలుసు కానీ నోటికి రాదు. దాన్ని మాటల్లో పెట్టడం వేరే విద్య. దానికి వేరే గురువు కావాలి.

ఘనా జట్టుకు అప్పటిదాకా విదేశీ కోచ్‌లు ఉండేవారు. 1963లో ఆ బాధ్యత జాంఫి చేతికి వచ్చింది. అదే ఏడాది ఆఫ్రికా కప్ పోటీలు అక్రా, కుమాసీ నగరాల్లో జరిగాయి. సొంత గడ్డ, లక్షల కళ్లు. పైగా ‘వింగర్ల రాజు’ అని పేరు పడిన బాబా యారా ఆ మార్చిలోనే బస్సు ప్రమాదంలో చచ్చుబడి మంచాన పడ్డాడు. కుమాసీ స్టేడియానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. మామకు అప్పుడు పన్నెండేళ్లు. సూడాన్ వాళ్లు నైజీరియాను 4-0తో చిత్తు చేయడం కుమాసీలో కళ్లారా చూసి, ‘ఇక మన పని అయిపోయింది’ అని ఇంటికొచ్చి ఏడ్చాడట. డిసెంబర్ 1న అక్రాలో ఫైనల్. ఆ సూడాన్‌పైనే ఘనా 3-0తో గెలిచింది. అగ్రే-ఫిన్ పెనాల్టీతో మొదలుపెట్టగా, విల్బర్‌ఫోర్స్ ఎంఫుమ్ రెండు గోల్స్ కొట్టాడు.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చే విషయం ఒకటుంది. మా హైదరాబాద్ రహీం సాబ్, అంటే భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1963 జూన్‌లోనే క్యాన్సర్‌తో కన్నుమూశారు. అక్కడ జాంఫి తొలి కప్పు ఎత్తింది ఆరు నెలల తర్వాత. మా బస్తీ పెద్దలు రహీం సాబ్ గురించి చెప్పిన తీరులోనే మామ జాంఫి గురించి చెప్పేవాడు. ఇద్దరి మాటల్లోనూ అదే ఆరాధన.

కానీ మామకు అన్నింటికంటే ఇష్టమైనది 1965 కప్పు. సొంత దేశంలో గెలిచిన జట్టునే మళ్లీ తీసుకెళ్తే ఎవరూ తప్పుపట్టరు. జాంఫి ట్యునీషియాకు చాలావరకు కొత్తవాళ్లను తీసుకెళ్లారు. ట్యూనిస్‌లో ఆతిథ్య జట్టుతోనే ఫైనల్. ఒక రోజు మామ స్టోర్ గచ్చు మీద సుద్దముక్కతో మైదానం గీశాడు. బోల్టులు ఘనా, నట్లు ట్యునీషియా. ఫ్రాంక్ ఒడోయి తొలి గోలు కొట్టాడు. ఆ తర్వాత ట్యునీషియా రెండు కొట్టి ముందుకెళ్లింది. ఆట ముగియడానికి పదకొండు నిమిషాల ముందు ఓసెయి కోఫీ సమం చేశాడు. అదనపు సమయంలో మళ్లీ ఒడోయి. 3-2. ఓసెయి కోఫీగా పెట్టిన బోల్టు మాత్రం తుప్పు లేకుండా మెరుస్తూ ఉంది, దాన్ని ప్రత్యేకంగా వెతికి తెచ్చాడు. నిజానికి ఆ మ్యాచ్ మామ చూడలేదు. పద్నాలుగేళ్ల వయసులో రేడియోలో విన్నాడు, అంతే. అయినా బంతి ఏ మూల నుంచి వచ్చిందో చూపిస్తుంటే పక్కన ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రవాడు ఇంజన్ ఆపి మరీ నిలబడ్డాడు.

కొటోకో క్లబ్‌కు ముళ్లపంది గుర్తు. దాని నినాదానికి అర్థం: ‘వెయ్యిమందిని చంపు, మరో వెయ్యిమంది వస్తారు.’ జాంఫి జట్లు కట్టిన తీరు ఆ నినాదాన్ని ఆచరణలో పెట్టినట్టే అనేవాడు మామ. మాజీ స్ట్రైకర్‌కు ఇది మరీ కష్టమైన పని. తన చోట ఇంకొకడు నిలబడి గోలు కొడితే సంతోషించే గుణం ఉండాలి కదా.

1966లో ఘనాలో సైనిక తిరుగుబాటు జరిగి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాతి ఏళ్ల గురించి ఎక్కువ చెప్పను. 1978లో ఘనా మూడోసారి గెలిచింది, అప్పటి కోచ్ ఓసామ్ దువోదు. 1982లో పోటీలు లిబియాలో. అంతకు రెండు నెలల ముందే దేశంలో మరో తిరుగుబాటు, కర్ఫ్యూ, దుకాణాల్లో సరుకులు లేని రోజులు. అలాంటి సమయంలో మళ్లీ జాంఫి వచ్చారు. ఆయన జట్టులో పదిహేడేళ్ల కుర్రవాడు ఒకడున్నాడు. తర్వాత లోకమంతా అబేది పెలే అని పిలిచింది అతన్నే. సెమీస్‌లో అల్జీరియాపై అదనపు సమయంలో 3-2. మార్చి 19న ట్రిపోలీలో ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. చివరికి 7-6తో ఘనాదే కప్పు. మామ అప్పటికి టేమాలోనే ఉద్యోగం చేస్తున్నాడు. కర్ఫ్యూ వల్ల వీధిలోకి రావడానికి లేదు. ప్రతి ఇంటి పెరట్లోనూ గిన్నెలు, మూతలు వాయించారట. తన అత్తగారి ఇత్తడి పళ్లేనికి ఆ రాత్రి పడిన సొట్ట అలాగే ఉందని, ఒకసారి ఇంటికి పిలిచి చూపించాడు కూడా.

అలా మూడు కప్పులు గెలిచిన తొలి కోచ్ అయ్యారు జాంఫి. ఆ లెక్కను అందుకున్నది ఈజిప్ట్ కోచ్ హసన్ షెహాతా ఒక్కరే: 2006, 2008, 2010. షెహాతా కూడా ఆడే రోజుల్లో ఫార్వర్డే. మీ తమ్ముణ్ని వెనక్కి లాగుతున్నవారికి ఈ రెండు పేర్లూ చెప్పండి.

జాంఫి నేర్పింది ఆయన కప్పులతో ఆగలేదు. 1965లో ఆయన కింద ఆడిన సెసిల్ జోన్స్ అటుక్వాయెఫియో తర్వాత కోచ్ అయి, 2000లో హార్ట్స్ ఆఫ్ ఓక్‌ను ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ విజేతగా నిలిపాడు. బెనిన్ దేశాన్ని 2004లో తొలిసారి ఆఫ్రికా కప్‌కు చేర్చాడు. 2001 మే 9న అక్రా స్టేడియంలో హార్ట్స్, కొటోకో మ్యాచ్ చివర తొక్కిసలాట జరిగి 126 మంది చనిపోయిన రాత్రి హార్ట్స్ కోచ్ కూడా ఆయనే. స్టేడియం బయట, పడిపోయిన అభిమానిని మోసుకెళ్తున్న మనిషి విగ్రహం ఉంది. మామ దాని ముందు టోపీ తీయకుండా ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు.

గురువు, శిష్యుడు ఇద్దరూ 2015లోనే పోయారు. అటుక్వాయెఫియో మేలో, జాంఫి సెప్టెంబర్ 2న. ఆ రోజు మామ రేడియో కట్టేసి, స్టోర్ తలుపు దగ్గరగా వేసి, సాయంత్రం దాకా బయటకు రాలేదు. నేను టీ పట్టుకెళ్లి ఇస్తే తీసుకున్నాడు, మాట్లాడలేదు.

ఇక మీ తమ్ముడి సంగతి. ఆడటం పూర్తిగా మానేశాక చూద్దాం అనుకోవద్దని చెప్పండి. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య వారి తొలి మెట్టు కోచింగ్ శిక్షణలో ఇప్పుడే చేరమనండి. దానితో పాటు ఆదివారాలు ఏదో ఒక బడి మైదానంలో పదేళ్ల పిల్లలకు నేర్పమనండి. నేను తిరిగొచ్చాక మా వీధి పిల్లలతో ఆ పనే చేస్తున్నాను. మొదటి నెలలో ‘ఇలా కొట్టు’ అని కొట్టి చూపించడం తప్ప నాకేమీ రాలేదు. ఒక పాప ‘ఇలా అంటే ఎలా సార్?’ అని అడిగింది. నిలబడిన కాలు బంతికి ఎంత దూరంలో ఉండాలో ఆ పాపకు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీ తమ్ముడు సికింద్రాబాద్ వైపు వస్తే ఆదివారం పొద్దున మా మైదానానికి పంపండి.