మసిగోడల మీద సుద్దరాతలు

ప్రశ్న: ఏప్రిల్‌లో ఒసాకాలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. హిరోషిమాలో అణుబాంబుకు కూలకుండా నిలబడ్డ బడి ఒకటుందని, దాని గోడల మీద అప్పటి సుద్దరాతలు ఇప్పటికీ ఉన్నాయని మా చెల్లెలు అంటోంది. అంత మంటల్లో సుద్దరాతలు మిగలడం ఏమిటండీ? నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ చెల్లెలు చెప్పింది నిజమేనమ్మా. కాకపోతే అవి బాంబు పడ్డాక రాసినవి. ఆ బడి ఫుకురొమాచి ప్రాథమిక పాఠశాల, బాంబు పేలిన చోటికి 460 మీటర్ల దూరం. 1945 ఆగస్టు 6న చెక్క భవనాలన్నీ కాలిపోగా, 1937లో కాంక్రీటుతో కట్టిన పడమటి భవనం ఒక్కటే, అదీ లోపలంతా మాడిపోయి, గోడలతో మిగిలింది. పెద్ద క్లాసుల పిల్లల్ని అప్పటికే పల్లెలకు పంపేశారు, అయినా పిల్లలూ టీచర్లూ కలిపి 160 మంది దాకా పోయారు. నేలమాళిగలో ఉన్న ముగ్గురు పిల్లలు మాత్రం బతికారు.

మాడిపోయిన ఆ భవనంలోనే గాయపడ్డవాళ్లకు వైద్యం చేశారు. తమవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు రాయడానికి కాగితం ఎక్కడిది, మసిపట్టిన గోడే నల్లబల్ల అయింది: ఫలానా పిల్ల ఏమైంది, ఫలానా మనిషిని ఎక్కడికి తీసుకెళ్లారు, తెలిస్తే ఎక్కడికి కబురు చెయ్యాలి... ఆ అక్టోబరులోనే షుంకిచి కికుచి అనే ఫొటోగ్రాఫర్ వాటిని ఫొటో తీశారు. మరుసటి ఏడాది బడి మళ్లీ తెరిచారు, తర్వాత ఎప్పుడో మసి కడక్కుండానే గోడలకు ప్లాస్టరింగ్ చేసేశారు, ఎన్నో తరాల పిల్లలు ఆ గోడల మధ్యే చదువుకున్నారు.

1999లో పాత భవనం తీసేసి కొత్తది కట్టే ముందు చూస్తే పెచ్చుల కింద అక్షరాలు! నాకైతే ఇక్కడే ఒళ్లు జలదరిస్తుంది. ప్లాస్టరుతో పాటు మసి కూడా ఊడి వచ్చేసింది గానీ, సుద్ద కిందున్న మసి మాత్రం గోడను పట్టుకునే ఉండిపోయింది, అందుకే అప్పుడు తెల్లగా రాసినవి ఇప్పుడు నల్లగా కనిపిస్తాయి. పాత ఫొటోతో పోల్చి ఏ రాత ఏదో తేల్చారు, కొన్ని కుటుంబాలవాళ్లు వచ్చి తమవాళ్ల రాతలు గుర్తుపట్టారు కూడా.

భవనంలో కొంత భాగాన్ని ఉంచి 2002లో మ్యూజియం చేశారు. టికెట్ లేదు, బాంబు మృతుల జ్ఞాపకార్థం ఉన్న శాంతి పార్కు నుంచి నడిచి వెళ్లొచ్చు. చాలామంది పార్కు చూసి తిరిగొచ్చేస్తారు, మీరు మాత్రం ఇది చూడకుండా రాకండి. పక్కనే ఆ బడి ఇంకా నడుస్తోంది కాబట్టి, ఫొటోలు తీసేటప్పుడు వాటిలో పిల్లలు పడకుండా చూసుకోండి.